తేడా వచ్చిన చూపులు

112వ రోజు

చూపుల గదిలో పనిచేసేవాళ్లందరూ రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టాలని పీరా కొత్త హుకుం. మా గదికి పెద్ద అతనే. కళ్లు అలిసిపోయి తప్పులు చేస్తున్నామేమో ఎవరికి వాళ్లే కనిపెట్టుకోవడానికట. ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, మనసు ఎట్లా ఉంది, అన్నీ రాయాలన్నాడు. తిన్నది జొన్నరొట్టె, వేరుశనగ బుడ్డల కారం. పడుకున్నది ఆరు గంటలు. మనసు సంగతి అడగకుండా ఉంటే బాగుండేది.

పొద్దున్నే లేచి గాలి వచ్చే కంతకి కట్టిన గుడ్డ దులిపాను. గాలంతా దుమ్మైపోయిన దుమ్మేళ్లు ముగిసి నాలుగేళ్లయినా మా నల్లబండలో ఈ పని మానినవాళ్లు లేరు. పద్దెనిమిదేళ్లు నాపరాయి గనుల్లో, నెత్తిన రేకుల కప్పు వేసుకుని, ముఖానికి ముసుగు బిగించుకుని బతికినవాళ్లం. తినాలన్నా ఒక్కొక్కరే దుమ్ము చొరని గాలిగదిలోకి పోయి తిని రావాలి. పాలిచ్చే కాసేపు తప్ప కన్నతల్లి కూడా బిడ్డ మూతి చూసింది లేదు.

ముసుగులు తీశాక గానీ అసలు తంటా తెలియలేదు. ఆ పద్దెనిమిదేళ్లలో పెరిగిన పిల్లలకి ముఖం చదవడం రాదు. నవ్వు తెలుసు, ఏడుపు తెలుసు, ఆ రెంటికీ మధ్య ఉన్నదేదీ తెలియదు. ఎదుటి మనిషి పెదవి బిగిస్తే కోపమో పంటినొప్పో తేల్చుకోలేక నిలబడిపోతారు. వాళ్ల కోసమే చెవిపూసలు. జొన్నగింజంత పూస చెవిలో పెట్టుకుంటే, ఎదుటివాళ్ల ముఖానికి అర్థం ఏమిటో మెల్లగా చెబుతుంది. ఆ అర్థాలు పూసకి నేర్పేది మేము.

పని పద్ధతి చిన్నదే. ఎనిమిది సెకన్ల కదిలే బొమ్మ వస్తుంది. ఒక మనిషి ఇంకో మనిషిని చూస్తుంటాడు. ఆ చూపుకి అర్థం సుంకులమ్మ ఒక ముక్క రాస్తుంది, గిడ్డయ్య ఒక ముక్క రాస్తాడు. ఇద్దరి మాటా కలిస్తే నేరుగా పూసలోకి పోతుంది. తేడా వస్తే నా బల్ల మీదికి వస్తుంది. నేను రాసిందే ఖరారు. ఖాళీగా వదలకూడదు. మమ్మల్ని పూస పెట్టుకోనివ్వరు, మా మాట మేమే విని చెడిపోతామని.

నేను పనిలో చేరిన రోజు పీరా నలభై ముఖాలు చూపించి పరీక్ష పెట్టాడు. కనుబొమ వెంట్రుకవాసి కదిలినా పట్టేశాను. "మద్దక్కా, నీ కండ్లకి దిష్టి తియ్యాల" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే పుట్టుకతో వచ్చిందన్నాను. అది అబద్ధం.

ఈ రోజే మా వేదవతి మొదటిసారి పూస పెట్టుకుంది. అక్క కూతురు. అక్క దుమ్ముకే పోయింది కాబట్టి నా కూతురే. ఇరవై ఏళ్లు వచ్చాయి, గింజల కొట్టులో పని దొరికింది. పొద్దున స్నానం చేస్తూ కప్పు ఎగిరిపోయేట్టు పాడుతోంది.

"చిన్నమ్మా, నొసలు ముడేస్తే కోపమే కదా?"

"కాదే. లెక్క మర్చిపోయినోడు కూడా ముడేస్తాడు."

"మరి నాకెట్ల తెలుస్తాది?"

"నీ చిన్నమ్మ నేర్పిన పూస ఉండాది కదా, అదే చెప్తాది పో."

రొట్టె నోట్లో కుక్కుకుని పరిగెత్తింది. మనసు బాగుంది. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

121వ రోజు

సంతలో ఆడవాళ్లు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోవడం ఎక్కువైంది. ఒకామె గడ్డానికి, ఒకామె చెవులకి. రెడ్డోళ్ల కోడలు నొసలు కనపడకుండా బట్ట కట్టింది. కొత్త సింగారమేమో అనుకున్నాను. సుంకులమ్మ ఒప్పుకోలేదు.

"సింగారమైతే అందరూ ఒకే చోట కట్టుకుంటారు గదక్కా. ఈళ్లు ఎవురికి తోచిన కాడ వాళ్లు దాచుకుంటాండారు."

నాకు దాచుకోవడంలో వింతేమీ కనపడలేదు. ఎవరూ చదవరని పీరా మాట ఇచ్చాడు గనక రాస్తున్నాను. నా ముక్కు ఎడమకి వంకర. పదకొండో ఏట ఒక పెళ్లిలో నేను వడ్డిస్తుంటే, ఒకామె నన్ను చూసి పక్కామె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. వినపడనక్కర్లేదు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే కనిపించింది. ఆ రోజు నుంచి ఎవరు ఎదురైనా ముందు వాళ్ల కళ్లే చూస్తాను, ఎప్పుడు ముక్కు మీదికి వస్తాయా అని. నలభై ఏళ్ల సాధన అది. వెంట్రుకవాసి కదలికలు పట్టడం నాకు అట్లా వచ్చింది.

దుమ్ము మొదలై ముసుగులు వచ్చినప్పుడు ఊరంతా శోకాలు పెట్టింది. నేను లోలోపల పండగ చేసుకున్నాను. అక్క దగ్గుతూ చచ్చిపోతున్నా ఆ సుఖం తగ్గలేదు. సిగ్గుగా ఉంది, కానీ నిజం.

తేడా చూపులు నూట పది తీర్చాను. తిన్నది కొర్రన్నం.

131వ రోజు

వేద పాడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. ఊళ్లో వాళ్ల కనుబొమలన్నీ లెక్కపెట్టేదాన్ని, ఇంట్లో పాట ఆగిపోతే తెలుసుకోలేకపోయాను.

రెండు రోజులుగా గోడవైపు తిరిగి తింటోంది. ఈ రోజు నా అన్నం తట్ట పక్కన పెట్టేసి అడిగాను. గోడనే చూస్తూ చెప్పింది.

"కొట్టుకొచ్చినోళ్లంతా నా గడ్డం చూస్తాండారు చిన్నమ్మా."

"గడ్డానికేమైందే?"

"పొడుగు. కొమ్ముచెంబు మూతి మాదిరి ముందుకొచ్చింటాది."

దీపం దగ్గరికి లాగి చూశాను. అచ్చం మా అక్క గడ్డం. నా కళ్లు ఊరంతా మెచ్చిన కళ్లు, అందులో ఏ లోపమూ పట్టలేకపోయాయి. "బంగారం మాదిరి ఉండావే, పిచ్చిదానా" అన్నాను.

తల కొంచెం పక్కకి వంచింది. పూస ఏదో చెబుతోందన్నమాట. విన్నాక ఆ పిల్ల ముఖం చల్లారిపోయింది.

"ఏం చెప్పిందే పూస?"

"ఏం లేదు. సరేలే."

తట్ట తీసుకుని మళ్లీ గోడవైపు తిరిగింది.

140వ రోజు

దుమ్ము పుండ్లు కోసి కుట్టడానికి పెట్టిన కోత గది ముందు ఇప్పుడు పుండ్లు లేనివాళ్లు బారులు తీరారు. చెవులు వెనక్కి కుట్టించుకోవడానికి కొందరు, పళ్లు అరగదీయించుకోవడానికి కొందరు. బడిలో పిల్లలు ముసుగులు తిరిగి ఇమ్మని ఏడుస్తున్నారని గిడ్డయ్య చెప్పాడు. నీళ్ల కుళాయి దగ్గర మనుషులు ఒకరికొకరు వీపు చూపించి నిలబడుతున్నారు. బిందె నిండిందో లేదో వెనక్కి చూడాల్సి వస్తుందని కొందరు సగం బిందెతోనే పోతున్నారు.

వేద కూడా పేరు రాయించుకుంది. నాకు చెప్పలేదు. దాని సంచిలో చీటీ దొరికింది. గడ్డం ఎముక రెండు వేళ్లంత కోసి, కుట్టడం. 163వ రోజు, పొద్దున. ఆ గదిలో ఎముక కోయించుకున్నవాళ్లలో ఇద్దరికి మూతి మళ్లీ తెరుచుకోలేదు. గొట్టంతో తాగుతున్నారు.

"ఏం పోయేకాలమే నీకు?" అని అరిచాను. చీటీ నా చేతిలోంచి లాక్కుని సంచిలో పెట్టుకుంది. ఇరవై ఏళ్లు నిండినవాళ్ల కోత ఆపే హక్కు ఇంట్లోవాళ్లకి లేదు. ఇరవై మూడు రోజులున్నాయి.

146వ రోజు

ఈ రోజు తప్పు పని చేశాను. వేద సెలవు పెట్టి దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. పూస తీసి గూట్లో పెట్టింది. అది ఈ పిల్లకి ఏం నూరిపోస్తోందో వినాలని, నా చెవిలో పెట్టుకుని, కొర్రలకి మార్చుకునే నెపంతో జొన్నల సంచి పట్టుకుని గింజల కొట్టుకి పోయాను.

బారులో నా వెనక ఒక పెద్దాయన. వెనక్కి తిరిగితే అతని చూపు నా మీద పడింది, వెంటనే కిందికి దిగి, పక్కకి జరిగింది. చెవిలో పూస మెత్తగా చెప్పింది.

"నీ ముఖంలో ఉన్నది చూశాడు. చూసి, చూడనట్టు తిప్పుకున్నాడు. ఎందుకో నీకు తెలుసు."

ఏడుపు రావాలి కదా? రాలేదు. గెలిచినట్టు అనిపించింది. నలభై ఏళ్లుగా నేను ఒక్కదాన్నే అనుకుంటున్నది ఇప్పుడు ఒక యంత్రం, ఏ పక్షమూ లేనిది, పైకి చెబుతోంది. "నీకు లేనిపోని అనుమానం" అన్న మా అమ్మని లేపుకొచ్చి వినిపించాలనిపించింది. కొట్టు బల్ల దగ్గరికి చేరేలోపు ఇంకో ముగ్గురి దగ్గర అదే మాట చెప్పింది. ప్రతిసారీ, అవును, అదే, అనుకున్నాను.

పెద్దాయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఏమనుకోబాక. నీ సంచి చిరిగినాది. జొన్నలు కారుతాండాయి. చెప్దామా వద్దా అని చూస్తాండా అప్పట్నించి."

కిందికి చూస్తే నిజమే. కొట్టు గడప దాకా జొన్నలు ఒక దారిలా పడున్నాయి. అతని చూపు నా ముఖం మీంచి సంచి మీదికి దిగింది. నేను, పూస, ఇద్దరం ఒక్కలాగే అబద్ధం చదివాం.

అప్పుడు తట్టింది, ఒక్కలాగే ఎందుకు చదివామో. "చూసి, చూడనట్టు తిప్పుకున్నాడు. ఎందుకో నీకు తెలుసు." ఆ వాక్యం నాది. సుంకులమ్మ అట్లా రాయదు, గిడ్డయ్య రాయడు. 'ముక్కు' అని రాయడానికి నాకు చెయ్యి రాదు, అందుకే 'ముఖంలో ఉన్నది' అని రాస్తాను. ఆ మాట విన్నవాళ్లు ఊరుకుంటారా? ఏమి ఉందో ఎవరికి వాళ్లు అద్దంలో వెతుక్కుంటారు. ఒకరికి చెవులు దొరుకుతాయి, ఒకరికి నొసలు. నా బిడ్డకి గడ్డం దొరికింది.

జొన్నలు ఏరుకోకుండా ఇంటికి వచ్చేశాను.

148వ రోజు

పీరాకి చెప్పేముందు నాకు రుజువు కావాలి. నేను తీర్చిన తేడా చూపులు తొమ్మిది వేలు పైన ఉన్నాయి. కళ్లు మూసుకుని నలభై తీశాను. సుంకులమ్మని, గిడ్డయ్యని కూర్చోబెట్టి, ముగ్గురం మళ్లీ చదివాం.

పద్దెనిమిది బొమ్మలు నీళ్ల వంతు తగాదాలు, పెళ్లి మాటలు, బేరాలు. వాటిలో నా మాటే సరైందని ఇద్దరూ ఒప్పుకున్నారు. మిగతా ఇరవై రెండూ ఏ పనీ లేకుండా ఒకరు ఇంకొకరి ముఖం చూసేవి. ఆ ఇరవై రెంటికీ నేను రాసింది అసహ్యం, ఎగతాళి, లేకుంటే జాలి. ఒక్కటి తప్పలేదు.

ఒక బొమ్మ మళ్లీ వేయించాను. ఒక పడుచు పిల్ల ఎదురుగా ఉన్న పిల్లని చూసి కళ్లు చికిలించి తల తిప్పుకుంటుంది.

"అక్కా, ఆయమ్మికి ఎండ కంట్లో పడినాది, అంతే. నేల మీద ఎండ చూడు" అంది సుంకులమ్మ.

నేల మీద ఎండ ఉంది. చూశాను. మళ్లీ పిల్ల ముఖం చూశాను. అసహ్యం. ముప్పై సార్లు తిప్పించి చూశాను. ఎండ అని తెలుసు, అయినా నాకు కనపడేది అసహ్యమే. కోపం వచ్చి బల్ల మీద గుద్దాను. గిడ్డయ్య భయపడి నీళ్లు తెచ్చిచ్చాడు. అతను భయపడిందీ నీళ్లు తెచ్చిందీ నా ముక్కు చూడలేకేనని ఒక్క క్షణం అనిపించింది. రాస్తుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

149వ రోజు

పీరా నలభై బొమ్మల కాగితం రెండుసార్లు చదివాడు. మెడ గోక్కున్నాడు. అందులో నేనేం చదివానో రాయను.

"ఎందుకిట్ల అయిందంటావక్కా?"

చెప్పాలి. నలభై ఏళ్లలో ఒక్క మనిషికి చెప్పలేదు. నేల చూస్తూ చెప్పాను.

"నా ముక్కు వంకర పీరా. అందరూ దాన్నే చూస్తారని నాకి గుబులు. ఆ బుద్ధితోనే అందరి చూపులూ చదివినా."

"ముక్కా? నీ ముక్కుకేమైనాది?"

నిజంగా తెలియక అడిగాడో, తెలియనట్టు అడిగాడో. కాగితం వైపు వేలు చూపించాను. "నా ముక్కు వదిలెయ్ నాయనా. పూసలు ఆపు."

"పదకొండు వేల చెవుల్లో ఉండాయక్కా. ఒక్కసారి ఆపితే పిల్లలు గుడ్డోళ్లయిపోతారు."

"ఇప్పుడు మాత్రం ఏం చూస్తాండారు? ఊళ్లో మామూలు చూపుల్లో ముప్పాతిక తేడా చూపులే గదా. అంటే ముప్పాతిక నేనే మాట్లాడుతాండా వాళ్ల చెవుల్లో."

అతని ముఖం పాలిపోయింది. అది మాత్రం సరిగ్గానే చదివాను. ఊరి సంఘం ముందు పెడతానన్నాడు. తొందరపెడితే 160వ రోజుకి ఆపించగలనన్నాడు. కోత 163న. మూడు రోజులు మిగులుతాయి. ఇంటికి వస్తూ గంగమ్మకి మొక్కుకున్నాను.

152వ రోజు

అప్పటిదాకా ఆగలేక వేదకి ఈ రోజే చెప్పబోయాను. పూస తియ్యమంటే తియ్యనంది.

"నీ గడ్డం మీ అమ్మ గడ్డమే. చక్కగా ఉండాది. ఒట్టు పెట్టి చెప్తాండా."

తల పక్కకి వంచింది. విన్నది. ఈసారి పట్టుబట్టి అడిగాను, పూస ఏమందో.

"జాలితో అంటాంది, నమ్మబాక, అన్నాది."

అదీ నేనే రాశాను. ఎవరైనా ఎవరి ముఖాన్నైనా మెచ్చుకున్న బొమ్మ నా బల్ల మీదికి వస్తే ప్రతిసారీ అదే రాశాను. నా జీవితంలో నన్ను మెచ్చుకున్నవాళ్లందరినీ నేను అట్లాగే చదివాను మరి. మా అమ్మతో సహా.

"వేదా, ఆ మాట నాది. పూసలో మాట్లాడేది నేనే."

"తెలుసు చిన్నమ్మా. నువ్వు నేర్పిన పూసనే గదా నేను నమ్మేది. ఊర్లో నీకంటే బాగా చదివేటోళ్లు ఎవురుండారు?"

గర్వంగా అంది. ఆ గర్వం చూడలేక నేనే గోడవైపు తిరిగాను.

160వ రోజు

పీరా మాట నిలబెట్టుకున్నాడు. పొద్దున తొమ్మిదింటికి పూసలన్నీ ఒక్కసారే మూగబోయాయి. సంత నిలిచిపోయింది. మనుషులు నేల చూస్తూ, గోడలు పట్టుకుని నడిచారు. పూసలు తిరిగి తీసుకోవడానికి కూడలిలో పెట్టెలు పెట్టారు. సాయంత్రానికి నిండిపోయాయి. ఇక నుంచి తేడా వస్తే ఏమీ చెప్పని పూసలు తయారవుతాయట. ఎన్నేళ్లు పడుతుందో. నన్ను బల్ల మీంచి లేపారు. నేనే లేపమన్నాను. ఈ పుస్తకం మాత్రం రాస్తూ ఉండమన్నాడు పీరా.

వేద కూడా పూస తీసుకుపోయి పెట్టెలో వేసి వచ్చింది. మారాం చెయ్యలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పూర్ణం పెట్టి ఓలిగలు చేశాను, నెయ్యి దండిగా పోసి.

తీసుకుంది. గోడవైపు తిరిగి తింది.

"పూస లేదు కదే ఇప్పుడు?"

"లేదు."

"మరి ఇటు తిరుగు."

"ఎందుకులే. ముందు మాదిరి కాదు చిన్నమ్మా, నాకే తెలుస్తాది ఇప్పుడు. పెట్టె కాడ ఉన్నోడు ఎట్ల చూసినాడో పూస లేకున్నా తెలిసిపాయె."

"కోత రద్దు చేయించుకున్నావా?"

"ఏంటికి?"

చేతిలో ఓలిగ తట్టలో పడేశాను.

163వ రోజు

కోత గది బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున వేద వెంట వచ్చాను. పొమ్మనలేదు. పదిమంది దాకా ఉన్నారు, ఒక్కొక్కరూ ఒక్కొక్క చోట కొంగు అడ్డం పెట్టుకుని. ఎదురు బల్ల మీద నా ఈడుది ఒకామె కూర్చుంది. మా వైపు చూసి, గబుక్కున తల తిప్పుకుంది.

వేద నా చెవి దగ్గరికి వంగింది. "చూసినావా? నా ముఖంలో ఉన్నది చూసింది. చూసి, చూడనట్టు తిప్పుకుంది."

పూస లేదు. నా వాక్యమే దాని నోట్లోంచి వచ్చింది.

నేను లేచి ఆమె దగ్గరికి పోయాను. పూసలు వచ్చాక, నువ్వేమనుకుంటున్నావని మనిషిని నేరుగా అడగడం మోటు పని అయిపోయింది. అయినా అడిగాను.

"ఏమ్మా, మా పాపను చూసి తల తిప్పుకుంటివే, ఎందుకు?"

ఆమె బెదిరిపోయింది. చెయ్యి చెవి మీదికి పోయింది. "మీ పాపను నేను చూడనే లేదక్కా. మీరు ఇట్ల తిరిగినారు గదా, నా చెవి కనపడతాదని తిప్పుకుంటి."

ఎంత సంతోషమో నాకు. వేద దగ్గరికి ఉరికొచ్చాను. "విన్యావా? ఆమె గోల ఆమెది!"

"అట్ల కాక ఇంకెట్ల చెప్తాది చిన్నమ్మా? ముఖం మీద అంటాదా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. దాని రెండు చేతులూ పట్టుకుని మొత్తం చెప్పాను. పెళ్లిలో నవ్విన ఆడవాళ్ల సంగతి, అద్దం సంగతి, దుమ్మేళ్లలో నేను పడ్డ సుఖం. తొమ్మిది వేల చూపులకి నేను అంటించిన విషం. "నీ గడ్డానికి ఏమీ కాలేదు వేదా. నాకున్న రోగం నీకు అంటించినా, అంతే."

అంతా విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి నా మీద కోపం లేదు, జాలి లేదు. ప్రేమ ఉంది. అది చదవడంలో నేను పొరపడలేదని అనుకుంటున్నాను.

"అంటే నీ ముక్కు వంకర కాదా చిన్నమ్మా?"

నేను నేల చూశాను.

"చెప్పు. నీ ముక్కుకేమీ లేదని చెప్పు. నువ్వు నమ్మి చెప్పినావంటే, నేను లేచి నీతోపాటు ఇంటికొస్తా. అమ్మ మీద ఒట్టు."

ఎంత తేలికైన బేరం! ఒక్క మాట. బిడ్డ మూతి కోసం ఎవరైనా ఎన్ని అబద్ధాలైనా చెబుతారు, ఇది అబద్ధం కూడా కాదేమో. పీరాకి వంకర కనపడలేదు. మా అమ్మకి కనపడలేదు. ఊపిరి పీల్చుకుని, దాని కళ్లలోకి చూస్తూ చెప్పాను.

"నా ముక్కుకేమీ లేదు. చక్కగా ఉండాది."

గొంతు వణకలేదు. కన్ను పక్కకి పోలేదు. నేను నేర్పిన చదువంతా నాకు తెలుసు గనక, ఎక్కడ ఏది కదలకూడదో అన్నీ బిగబట్టాను. వేద నన్నే చూస్తోంది. దాని ముఖంలో నిజంగా ఏదో విచ్చుకోబోయింది. కొంగు గడ్డం మీంచి జారింది, మళ్లీ లాక్కోలేదు.

తర్వాత దాని చూపు కొంచెం కిందికి దిగింది.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. ముక్కు మీద ఉంది. మొత్తం మూసేసి ఉంది.

వేద ఆ చేతిని మెల్లగా కిందికి దించి, తన ఒళ్లో పెట్టుకుని, కాసేపు నిమిరింది. "పోనీలే చిన్నమ్మా" అంది. కొంగు మళ్లీ సర్దుకుంది. లోపలినుంచి ఎవరో దాని పేరు పిలిచారు. లేచి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

తలుపు వేసి పావుగంట అయింది. లోపల పనిముట్లు కడుగుతున్న చప్పుడు, ఎవరో తొందరగా నడుస్తున్న చప్పుడు వినపడ్డాయి. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. పోయి తలుపు బాదుదామని రెండుసార్లు లేచాను. బాదితే వేద బయటికి వచ్చి మళ్లీ అదే అడుగుతుంది. మళ్లీ అదే చెబుతాను. చెయ్యి మళ్లీ లేస్తుంది.